వెండితెరయు చిరుతిండియు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున భారత భాగవతముల ప్రసంగము జరుగుట ఉచితము. అట్టి సభలో సినిమాహాలున అమ్ముడగు వేరుసెనగకాయల మాట వినబడిన, "ఇదేమి విడ్డూరము!" అని కొందఱు నవ్వవచ్చును. నవ్వుటలో తప్పులేదు. ఈ యుపన్యాసమునకు విషయమైన చిత్రము గూడ జనులను నవ్వించి, నోరూరించి, జేబులోని కాసును వెలికి రప్పించుటకే పుట్టినది. ఆట నడుమ విశ్రాంతి సమయమున చిరుతిండ్లు కొనుడని ప్రేక్షకులను పిలుచు బొమ్మల ప్రకటన యది.

ఇంత చిన్న వస్తువును గుఱించి ఇంత పెద్ద సభలో ముచ్చటించుటకు కారణము కలదు. గ్రామలెక్కల సంగతి తెలిసినవారు ఎఱుగుదురు: భూమి యెవరిదో పట్టా చెప్పును. ఆ భూమిలో ఆ యేడు ఏమి పండినది, ఏ మూల బీడు పడినది, ఏ బావి యెండినది యని తెలియవలెనన్న అడంగలు చూడవలెను. కావ్యములును, శాసనములును పట్టాల వంటివి. ఒక కాలపు జనులు దేనికై నోరూరినారో, చేతిలోని అణాను దేనిపై వెచ్చించినారో తెలుపునవి కరపత్రములు, గాజుపలకలు, ప్రకటన చిత్రములు. అవి ఆ కాలపు ఆకలికి అడంగళ్లు. అడంగలు లేని గ్రామమున తగవు తీరదు; ఇట్టి చిన్న దస్త్రములు లేని జాతికి తన నిన్నటి బ్రదుకు తెలియదు.

ఈ జాతి ప్రకటనలలో మిక్కిలి పేరుపడినది అమెరికా దేశమున పుట్టినది. చికాగో నగరమున ఇర్వింగ్ మాక్ అనునతడు 1919లో ఫిల్మాక్ అను సంస్థను స్థాపించెను. పెద్ద చిత్రములు తీయుట దాని పని కాదు. రాబోవు ఆటల వార్తలు, హాలు యజమానులు ప్రేక్షకులకు చేయు విన్నపములు, ఇట్టి చిన్న తునుకలను చేసి హాళ్లకు అమ్ముట దాని వృత్తి. 'లెట్స్ ఆల్ గో టు ది లాబీ' అను బొమ్మల చిత్రమును ఆ సంస్థయే చేయించెను. "అందఱమును ముందుసాలకు పోవుదము రండు" అని దాని పేరునకు అర్థము. అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో అది 1957 నాటిదిగా నమోదైనది. దానికి దర్శకుడు డేవ్ ఫ్లెయిషర్. బెట్టీ బూప్, పొపాయ్ అను ప్రసిద్ధమైన బొమ్మల చిత్రములకు దర్శకత్వము వహించిన వాడే ఈ చిరుతిండ్ల బొమ్మను గూడ నడిపించినాడు.

అందలి కథ చాల చిన్నది. పేలాల పెట్టె, మిఠాయి, చల్లని పానీయపు గ్లాసు మొదలైన నాలుగు తినుబండారములకు కాళ్లును, చేతులును, నవ్వుమొగములును వచ్చినవి. అవి వరుసగా పాడుకొనుచు ముందుసాలకు నడచిపోవుచుండును. తెర క్రిందిభాగమున ప్రేక్షకుల తలల నీడలు కనబడుచుండుటచే, ఆ తినుబండారములు హాలులోననే నడచుచున్నవన్న భ్రాంతి కలుగును. పిమ్మట కొందఱు తాము కొనితెచ్చుకొన్న వస్తువులను సంతోషముగా ఆరగించుచు కూర్చుందురు. పాట వరుస కొత్తది కాదు; ఐరోపా దేశములలో చిరకాలముగా జనుల నోళ్లలో నానినదే. తెలిసిన వరుస చెవికి సులభముగా పట్టును. హరికథకుడు ప్రజలెఱిగిన మట్టులోనే కొత్త కథను చెప్పుట వంటిది ఈ యుపాయము.

ఈ బొమ్మ ఆడునది 40 సెకనులు మాత్రమే. అయినను దాని లెక్క తేలికది కాదు. చలనచిత్రమున ఒక సెకనునకు 24 బొమ్మలు కంటి ముందు గడచును. 40 సెకనులకు 960 బొమ్మలు కావలెను. పెద్ద హాళ్లలో ఆడు ఫిలిమున అడుగునకు 16 బొమ్మలు పట్టును గనుక, మొత్తము పొడవు 60 అడుగులు. ఒక్కొక్క భంగిమమును పారదర్శకమైన పలుచని రేకుపై గీసి, రంగులు నింపి, వెనుక మాఱని దృశ్యమును పఱచి, ఒక్కొక్కటిగా ఛాయాగ్రహణము చేయుదురు. నేర్పరి యైన చిత్రకారుడు నడకకు కావలసిన కొద్ది భంగిమలనే మరల మరల వాడి శ్రమను పొదుపు చేసికొనును. ఎద్దు గానుగ చుట్టు తిరిగినట్లు ఆ కొద్ది బొమ్మలే తిరుగుచుండును. చూచువారికి మాత్రము పేలాల పెట్టె యెంతో దూరము నడచిపోయినట్లు తోచును.

ఇంత శ్రమపడి పేలాలను నడిపింప వలసిన యవసరమేమి? దాని వెనుక కష్టకాలమొకటి కలదు. మొదటి దినములలో ఆ దేశపు గొప్ప హాళ్ల యజమానులు తిండిని గడప దాటనీయలేదు. తివాచీలు పాడగుననియు, మూకీ చిత్రములాడునపుడు నమలు చప్పుడు చెవికి కటువుగా నుండుననియు వారి వాదము. పేలాలమ్ముకొనువాడు వీథిలోనే నిలిచెను. 1929లో ధనసంక్షోభము వచ్చి వ్యాపారములు కూలినవి, పనులు పోయినవి. ఆ దినములలోను అయిదు పది సెంట్లకు దొరకు పేలాల పొట్లమును మాత్రము పేదవాడు కొనగలిగెను. గడప వెలుపలి వానిని లోపలికి పిలిచిన హాళ్లు ఆ కఱవున నిలిచినవి. టిక్కెట్టు రాబడిలో పెద్ద పాలు చిత్రము నిచ్చిన వారికి పోవును. తిండి రాబడి హాలుననే నిలుచును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పంచదారకు కొఱత వచ్చి మిఠాయిలు తగ్గినపుడు, ఉప్పు చల్లిన పేలాలకు మఱింత గిరాకి పెఱిగెను.

అదే దేశమున కారులో కూర్చుండియే సినిమా చూచు బయలు హాళ్లు బయలుదేరినవి. మొదటిది 1933 జూన్ 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున కామ్‌డెన్ అను చోట తెఱవబడెను. 1950ల చివరకు అట్టివి ఇంచుమించు 4,000 ఉండెను. కారులోని వానిని లేపి అంగడి వఱకు నడిపించుట సులభము కాదు. అందువలన తెరపై గడియారమును చూపి, "ఆట మొదలగుటకు ఇంక పది నిమిషములే యున్నవి, ఇంక తొమ్మిదియే యున్నవి" అని తొందరపెట్టుచు, నడుమ నడుమ వేడి తినుబండారముల బొమ్మలు ఆడించెడివారు. కోరిక కలిగించుట యొక యెత్తు, వ్యవధి లేదని భయపెట్టుట మఱియొక యెత్తు. నేటి వర్తకులు వాడు ఉపాయములు చాల వఱకు ఆ గడియారపు బొమ్మలలో అప్పుడే కలవు.

పేలాలు విదేశపు వింత యని పిల్లలనుకొనవచ్చును. అది పొరపాటు. ఉదయగిరి, ఆత్మకూరు సీమలు మెట్టసీమలు. తూర్పున డెల్టా పల్లెలకు వరి యెట్టిదో, పడమట ఈ పల్లెలకు జొన్నయు సజ్జయు అట్టివి. మంగలములో ఇసుక కాచి జొన్నలు వేయించిన పేలాలు తెల్లగా విచ్చుకొనును. ఆషాఢమున తొలి యేకాదశినాడు ఆ పేలాలను విసరి, బెల్లము కలిపి పేలపిండి చేసి తినుట తెలుగువారి యాచారము. దేవునికి నివేదన చేసి, ఇంటిల్లిపాది పంచుకొని, ఇరుగు పొరుగులకు పంపు ఆ పేలపిండికి ప్రకటన యెవరు చేసినారు? పంచాంగమే దానికి ప్రకటన. అది చెప్పిన దినమున ప్రతి యింటను మంగలము పొయ్యి కెక్కును.

సినిమా ఈ సీమలకు గుడారములతో వచ్చినది. తెలుగువారిలో చలనచిత్ర ప్రదర్శనకు ఆద్యుడు మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య. ఆయన 1910 ప్రాంతమున విదేశమునుండి యంత్రమును తెప్పించి ఊరూర బొమ్మలు చూపి, పిమ్మట మదరాసున గెయిటీ హాలు కట్టించెను. ఆయన చూపిన దారిలోనే సంచార సినిమాలు పెఱిగినవి. కొంతకాలమునకే అనుమతి పొంది, ఊరి బయట గుడారము వేసి, నేల, బెంచి, కుర్చీ యని తరగతులు పెట్టి, ఆ గడువు తీరగనే మఱియొక యూరికి తరలుట వాటి పద్ధతి.

గుడారపు హాలులో సాధారణముగా ఒక్క యంత్రమే యుండెడిది. వేయి అడుగుల ఫిలిము పదునొకండు నిమిషములు ఆడును. రెండు చుట్టలను కలిపి ఎక్కించినను, అది ముగియగనే ఆట నాపి, దీపము వెలిగించి, కొత్త చుట్ట నెక్కింపవలెను. పట్టణపు హాలులో ఒక్క విశ్రాంతి యున్నచోట ఇచ్చట మూడు నాలుగు. అది యంత్రమునకు లోపము; వర్తకునకు అదియే లాభము. దీపము వెలిగిన తక్షణమే తట్టలు లేచెడివి. కాగితపు పొట్లములలో వేరుసెనగకాయలు, బొరుగులు, బటాణీలు, మురుకులు, గుగ్గిళ్లు, బెల్లపు అచ్చులు. వాటి వెనుక "సోడా! కలర్!" అను కేకయు, గోలీ లోనికి దిగిన బుస్సుమను చప్పుడును. అమెరికాలో 960 బొమ్మలు చేసిన పనిని ఇచ్చట ఒక గొంతుకయు, సీసా మూతి మీటిన చప్పుడును చేసెడివి. వేగుచున్న సెనగకాయల వాసన గుడారములోనికి రాగా, అంతకు మించిన ప్రకటన యేమి కావలెను?

తెరపై ప్రకటనలు లేకపోలేదు. అరచేత నిముడు గాజుపలకపై అక్షరములు వ్రాసి, రంగుబొమ్మ వేసి, దీపము ముందు నిలిపెడివారు. ఊరి బట్టలకొట్టు, కాఫీహోటలు, బీడీలు, సబ్బులు ఆ పలకలపై కనబడెడివి. నేల తరగతిలో కొందఱు బిడ్డలకు అవియే రెండవ బాలశిక్ష. గుడిపాఠము లేని యక్షరములను వారు తెరపై కూడబలుకుకొని గట్టిగా చదివెడివారు. ఆ పలక కదలదు, పాడదు. కాని మన యూరి పేరు వెండితెరపై చూచుకొన్న సంతోషము ఏ రంగులబొమ్మయు నీయలేదు.

కదలు తిండిబొమ్మను తెలుగువారు చూడలేదని గాని అనుకొనరాదు. అమెరికా ప్రకటనకు చెప్పబడిన ఆ 1957వ సంవత్సరముననే, మార్చి 27వ తేదీన, విజయావారి మాయాబజార్ విడుదలయ్యెను. కె.వి.రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమున, ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడై పెండ్లివారి భక్ష్యములను ఆరగించు ఘట్టమును మఱచిన తెలుగువాడు లేడు. చేయి తాకకుండగనే భక్ష్యములు తమంత తాము కదలివచ్చి ఆ రాక్షసుని నోటిలో పడును. అందు చిన్నమయ వేషము ధరించిన రమణారెడ్డి నెల్లూరు జిల్లావాడు. అమెరికాలో తిండి నడచి అంగడికి పిలిచినది. ఇచ్చట తిండి తానే యెగిరి నోటికి వచ్చినది. ఆ కళ అమ్మకము కొఱకు, ఈ కళ ఆనందము కొఱకు. అయినను, ఆ ఘట్టము ముగిసి దీపము వెలిగిన తరువాత మురుకుల తట్టకు గిరాకి తగ్గియుండదని ఊహించుట కష్టము కాదు.

ఆ చిత్రము విడుదలయైన అయిదు దినములకే, 1957 ఏప్రిల్ 1న, నయాపైసలు వచ్చినవి. నూఱు పైసలకు పదునాఱణాలు గనుక అణాకు ఆఱుంబావు. పావుపైస లేదు గనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని సర్కారు పట్టిక యేర్పడెను. అణా పొట్లములు మూడు విడివిడిగా కొన్న 18 పైసలు, ఒక్కమాఱు కొన్న 19. ఇట్టి లెక్కను దీపము వెలిగిన అయిదు నిమిషములలో తేల్చి చిల్లర యీయవలసివచ్చిన తట్టవాని తెలివిని ఏ పాఠశాలయు పరీక్షింపలేదు.

మన దేశమున బొమ్మల చిత్రములకు గూడ తిండిగింజతో చుట్టఱికము కలదు. దాదాసాహెబ్ ఫాల్కే తన రాజా హరిశ్చంద్రకు ముందే బటాణీ విత్తు మొలచి తీగ సాగుటను కొంచెము కొంచెముగా ఛాయాగ్రహణము చేసి, కండ్ల యెదుటనే మొక్క పెఱిగినట్లు చూపెను. 1934లో కలకత్తా న్యూ థియేటర్స్‌వారు గుణమయ్ బెనర్జీ చేత తీయించి హాళ్లలో చూపిన బొమ్మల చిత్రమునకు గూడ బటాణీ సోదరులనియే పేరు. హాలులో తట్టనుండి అమ్ముడైన బటాణీయే తెరపై గూడ మొదట మొలచినది!

పిమ్మట కేంద్రప్రభుత్వపు ఫిలిమ్స్ డివిజనులో బొమ్మల శాఖ యేర్పడెను. 1956లో అమెరికానుండి క్లెయిర్ వీక్స్ వచ్చి అందలివారికి శిక్షణ మొసగెను. జాతకకథను చెప్పు 'ది బనియన్ డీర్' అను చిత్రము 1957లో వెలువడెను. అచ్చట పనిచేసిన రామ్‌మోహన్ 1960ల చివర ప్రసాద్ ప్రొడక్షన్స్‌వారి బొమ్మల శాఖకు అధిపతియై, 1972లో స్వంత సంస్థను స్థాపించి, ప్రకటనల బొమ్మల కళకు ఈ దేశమున పెద్దయనిపించుకొనెను. ఆ ప్రసాద్ మఱెవరో కాదు, ఏలూరు వద్ద సోమవరప్పాడున పుట్టిన ఎల్.వి.ప్రసాద్. బొంబాయి చేరిన తొలి దినములలో ఆయన ఒక సినిమాహాలు ద్వారమువద్ద కావలియుండెను. తలుపు తెఱచి జనులను లోనికి పంపిన చేయియే కొన్నాళ్లకు బొమ్మలు నడిపించువారికి నీడ నిచ్చినది.

ప్రకటన చిత్రముల ధనము ఒక్కొకమాఱు మంచి పంటను గూడ పండించినది. హాళ్లకు ప్రకటన చిత్రములు పంపిణీ చేయుట బ్లేజ్ అను బొంబాయి సంస్థ వ్యాపారము. హైదరాబాదు ప్రాంతమున పెఱిగిన శ్యామ్ బెనెగల్ వందల ప్రకటన చిత్రములు తీసి చేయి తిరిగినవాడు. ఆయన తొలి పెద్ద చిత్రము 'అంకుర్' 1974లో వచ్చెను. తెలంగాణ పల్లెలో భూస్వామి చేత చిక్కిన పేద స్త్రీ కథ యది. దానికి పెట్టుబడి పెట్టినవారు బ్లేజ్‌వారే. ఆకలిగొన్న స్త్రీ చేరెడు ధాన్యమును దొంగిలించిన దృశ్యమును తెరకెక్కించుటకు, ఆకలి పుట్టించు ప్రకటనల సొమ్ము తోడ్పడినది. ఈ లోకపు జమాఖర్చులు ఇట్లుండును.

ఇచ్చట ఆగి, ఒక భేదమును చక్కగా తెలిసికొనవలెను. ఆకలిని పుట్టించుట వేఱు, ఆకలిని తీర్చుట వేఱు. నోరూరించుట కవులకు కొత్త విద్య కాదు. ఉదయగిరి దుర్గమును సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచిన శ్రీకృష్ణదేవరాయలే, ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింటి వంటలను వర్ణించెను. వానకాలమున నేవి, వేసవిలో నేవి, చలికాలమున నేవి వడ్డించెనో ఋతువు ననుసరించి చెప్పిన ఆ పద్యములను చదువునప్పుడు నోరూరని వాడుండడు. దండయాత్రలు చేసిన రాజునకు పేదవైష్ణవుని వంటయింటి సంగతి యింత చక్కగా నెట్లు తెలిసెనో ఆశ్చర్యము. కాని ఆ గృహస్థు అతిథులతో పలుకు మాట నొకదానిని గుర్తుంచుకొనవలెను. అర్ధరాత్రి వచ్చినవానికి వడ్డించుచును, కూరలు చాలినన్ని లేవనియు, తగిన వేడి లేదనియు తన వంటను తానే తక్కువచేసి చెప్పుకొని, దయతో భుజింపుమని వేడుకొనును.

ప్రకటన తీరు దీనికి సరిగా ఎదురు. ప్రకటన తన సరకును తానే పొగడుకొనును. ఆతిథ్యము తన అన్నమును తానే తగ్గించి చెప్పును. ప్రకటన డబ్బున్న వానినే పిలుచును. ఆతిథ్యము ఆకలిగొన్న వానిని పిలుచును. "అందఱమును పోవుదము రండు" అని పేలాల పెట్టె పాడినను, ఆ 'అందఱు' అనుమాటలో కాసు లేనివాడు చేరడు. నేల తరగతిలో తల్లి ప్రక్కన కూర్చున్న కూలివాని బిడ్డ ఆ మాటను వినును. కండ్లు తెరపై నుండును, చేయి తల్లి కొంగు పట్టుకొనును, తల్లి మొగము ప్రక్కకు తిప్పుకొనును. టిక్కెట్టు కొన్నప్పుడే ఆమె ముడి విప్పుట ముగిసినది. ఆ క్షణమున ఆ తల్లి పడు బాధకు లెక్క వ్రాయు పద్దు ఏ హాలు దస్త్రమునను లేదు.

తట్టవాని దగ్గఱ మాత్రము అట్టి పద్దు ఒకటి యుండెడిది. అది కాగితముపై కాదు, జ్ఞాపకములో. ఎఱిగిన బిడ్డ తట్టవైపు చూచుచు నిలుచున్న, దోసిట నాలుగు బటాణీలు పోసి, "రేపు ఇమ్మని మీ అమ్మకు చెప్పబ్బయా!" అనెడి వారు పల్లెలలో నుండిరి. ఆ రేపు రావచ్చును, రాకపోవచ్చును. అమ్ముటకు వచ్చినవాని చేతిలో విష్ణుచిత్తుని గుణము గూడ కొంత యుండెను. అమ్మువాడును, కొనువాడును ఒకరి మొగము నొకరు ఎఱిగియుండుటయే దానికి కారణము. తెరపైని బొమ్మకు కండ్లుండును గాని, అది ఎదుటి బిడ్డను చూడలేదు.

ఇంతమాత్రమున హాలు యజమానులను నిందించుట న్యాయము కాదు. గుడారము పోయి గోడలు లేచినవి. విద్యుత్తు, పన్నులు, పనివారి జీతములు, చిత్రపు అద్దె, ఇన్ని భారములున్నవి. విశ్రాంతివేళ రాబడి లేక అనేక హాళ్లు నిలువజాలవు. అయితే గోడలతోపాటు గుత్తపద్ధతి వచ్చినది. తినుబండారముల యంగడి ఒక్కనికే గుత్తకు చెందగా, తట్టలవారు గేటు వెలుపల నిలిచిరి. అమెరికాలో వీథిలోని పేలాలవానిని లోనికి పిలువగా హాలు బ్రదికినది. ఇచ్చట లోపలి తట్టవానిని వీథిలోనికి పంపి హాలు పెద్దదైనది.

ఈ తగవు చివరకు సుప్రీంకోర్టు వఱకు పోయినది. 2023 జనవరి 3వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. బయటి తిండిని లోనికి తేరాదని నిబంధించు హక్కు హాలు యజమానికి కలదు. కాని త్రాగునీటిని ఉచితముగా నీయవలెను, పసిబిడ్డలకు తల్లిదండ్రులు తెచ్చు ఆహారమును తగుమాత్రము అనుమతింపవలెను. ఈ తీర్పులోని రెండవ భాగము మెట్టసీమవారికి చక్కగా అర్థమగును. బావి యెండిన వేసవిలో చలివేంద్రము పెట్టుట యెంత పుణ్యమో ఈ పల్లెలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. అంగడి సరకునకు వెల కట్టవచ్చును. దాహమునకును, పసిబిడ్డ ఆకలికిని వెల కట్టరాదు. విష్ణుచిత్తుని ధర్మము నేటి న్యాయపీఠమునుండి ఆ మేరకు మరల వినబడినది.

ఇక గ్రంథాలయమునకును ఈ ముచ్చటకును సంబంధ మేమి? సంబంధము మిక్కిలి దగ్గఱిది. ఆ 40 సెకనుల పేలాల బొమ్మను 2000లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిరి. జాతి చిరకాలము కాపాడుకొనదగిన చిత్రములని యెంచినవానికే ఆ పట్టికలో తావు. ఆ పట్టిక యెవరిదని యడిగిన, అది ఒక గ్రంథాలయమునకు చెందినది. వాషింగ్టన్ నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయము కోట్లకొలది గ్రంథములతోపాటు, చిరుతిండి కొనుడని పిలిచిన ఆ 60 అడుగుల ఫిలిమును గూడ జాతి సొత్తుగా గుర్తించినది. గొప్ప గ్రంథాలయము చిన్నవస్తువును చిన్నచూపు చూడదు.

మనవి యెన్ని మిగిలినవి? రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన భీష్మప్రతిజ్ఞ నేడు చూడ దొరకదు. మూకీ కాలమున ఈ దేశమున తీసినవి వేయికి పైబడిన చిత్రములైనను, దక్కినవి బహు స్వల్పము. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో గాని యేర్పడలేదు. పెద్ద చిత్రములకే ఈ గతి పట్టగా, ఊరి కాఫీహోటలు గాజుపలకను దాచినవా డెవడు? గుడారము విప్పిననాడు కొన్ని పగిలినవి, కొన్నిటి రంగు కడిగి మఱియొక ప్రకటన వ్రాసికొనిరి. నేడు అమెరికా పేలాల బొమ్మను చూడగోరిన బాలునకు అది చేతిలోని ఫోనునందు దొరకును. వాని తాతగారి యూరి గుడారమున వెలిగిన పలక యొక్కటియు దొరకదు. దూరపు దేశపు అడంగలు చేత నున్నది, సొంత యూరి అడంగలు చెదలు తిన్నది.

ఇది దిద్దుకొనలేని లోటు కాదు. దానికి పెద్ద ధనము అక్కఱలేదు. ఒక బీరువాలో ఒక అఱ చాలును. అటకలపై మిగిలిన సినిమా పాటల పుస్తకములు, ఆటల కరపత్రములు, టిక్కెట్టు ముక్కలు, పగులక మిగిలిన గాజుపలక యొక్కటి యున్నను, చందాదారులు తెచ్చి గ్రంథాలయమున నుంచవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. గుడారపు హాళ్లలో తట్టలు మోసిన వృద్ధులును, మురుకులు వండి పంపిన తల్లులును ఈ పల్లెలలో ఇంకను కొందఱుందురు. ఏ వస్తువు ఎంతకమ్మిరి, ఏ ఆటకు ఎక్కువ పోయినది, ఎవరికి అరువు పెట్టిరి యని చదువుకొన్న బిడ్డలు వారిచేత చెప్పించి వ్రాసికొనిన, అది యే విశ్వవిద్యాలయమునను దొరకని గ్రంథమగును. దీపము ఆరకముందే ఆ పని జరుగవలెను. ఈ ఆటకు రెండవ యాట లేదు.

గ్రంథాలయమునందు గూడ ఒక విందు కలదు. దానికి బొమ్మలు నడిపించు ప్రకటన లేదు, గుత్తదారు లేడు. విష్ణుచిత్తుని వలె ఇది తనను పొగడుకొనదు. ఉన్న నాలుగు పుస్తకములను ముందుపెట్టి, దయతో చదువుడని తలుపు తెఱచి కూర్చుండును. ఇరువదియైదేండ్లుగా కాసు లేని బిడ్డకును ఈ తలుపు తెఱచియే యున్నది. ఇక ముందును అట్లే యుండుగాక.